రాతి మీద వెంకటరామి

బ్రూస్‌పేటలో మామగారి పాత ప్రెస్సు మూతపడినా, అందులోని రాతి అచ్చు యంత్రాన్ని మాత్రం వినూత అమ్మనివ్వలేదు. కాలేజీలో బొమ్మలు నేర్పే ఆమె సెలవు రోజుల్లో రాతి మీద గీసేది. ఆ ప్రెస్సులోనే పనిచేసి ముసలివాడైన వెంకటరామి కాగితం మీదికి అచ్చు తీసేవాడు.

ఒకసారి ఆమె అతనికి ఫ్రాన్సు సంగతి చెప్పింది. రెండువందల ఏళ్ల కిందట అక్కడి రాజు మొహాన్ని బేరిపండుగా గీసి వెక్కిరించిన ఓ పత్రిక నడిపేవాణ్ణి జైల్లో పెట్టారట. వెంకటరామి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మన లీడరప్పను గుమ్మడికాయ జెయ్యమ్మా. నేను అచ్చేస్తా. జైలుకు ఇద్దరం పోదాం."

గనుల లారీలకు యజమాని అయిన ఆ నాయకుడు గుమ్మడికాయై బజారంతా తిరిగాడు. అంగళ్లలో జనం పగలబడి నవ్వారు. ఎవరూ జైలుకు పోలేదు.

ఆ వానాకాలం, పక్కనున్న సంగనకల్లు ఊరి నుంచి మోపెడ్ మీద వస్తున్న వెంకటరామిని అదే నాయకుడి లారీ గుద్దేసింది. తప్పు పోయినవాడిదేనని కేసు రాశారు.

వినూత ఈసారి గుమ్మడికాయ గీయలేదు. ఆ ఫ్రాన్సులోనే, సైనికులు ఇంట్లో జొరబడి చంపితే మంచం పక్కన పడివున్న మనిషిని ఉన్నదున్నట్టు గీసిన అచ్చొకటి ఉంది. అందులో వెక్కిరింత లేదు. అలాగే ఆమె రోడ్డు మీద పడివున్న వెంకటరామిని గీసి, తానే అచ్చు తీసి, గోడలకు అంటించింది.

కొన్నాళ్లకు అతని భార్య రామసుబ్బమ్మ వచ్చింది.

"ఆ బొమ్మలు తీసేయించు తల్లీ. కూరగాయలకు పోతే యాడ సూసినా ఆయప్ప పడిపోయే ఉండాడు."

"అందరికీ తెలియాలని గీసినా అక్కా."

"తెలిసినోళ్లు ఏం జేసిరి? లారీలు నిల్చెనా? ఆయప్ప ఎప్పుడూ నగుతా ఉండేటోడు. ఆ నగే మొగం నా మనసులో మాసిపోతాండాది."

గీసే ముందు ఈమెను ఒక్క మాట అడగలేదే అని వినూతకు అప్పుడు తోచింది. ఇద్దరూ వీధి వీధీ తిరిగి, తడిపి, కాగితాలు ఊడదీశారు. తర్వాత రాతి మీది బొమ్మ చెరిగిపోయేలా ఇసకతో అరగదీశారు. రామసుబ్బమ్మ నీళ్లు పోసింది. మొహం దగ్గరికి వచ్చేసరికి వినూత చెయ్యి ఆగింది.

"రుద్దు తల్లీ," అంది రామసుబ్బమ్మ.

నవ్వే మొహం గీసిస్తానని వినూత మాటిచ్చింది. ఎన్ని గీసినా రామసుబ్బమ్మ తల అడ్డంగా ఊపింది. అతను నవ్వినప్పుడల్లా తన చూపు రాతి మీదే ఉండేదని వినూతకు తెలిసివచ్చింది.

"పోనీలే తల్లీ," అంది రామసుబ్బమ్మ చివరికి, పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ. "నాకే సరిగ్గా గురుతుకు రాలేదు."