వేడి క్యారేజీ

కంపెనీ ఆదాయంలోంచి ఏ ఖర్చు తీసేయవచ్చో, ఏది కూడదో చూసి చెప్పడం నా పని. అద్దె, జీతాలు, కరెంటు, లారీ కిరాయి తీసేయవచ్చు. మిగిలినదాని మీదే పన్ను. యజమాని ఇంటి ఖర్చు, పోలీసులు వేసిన జరిమానా కుదరవు. వరంగల్‌లో వీరభద్రం గారి విత్తనాల కంపెనీకి మూడేళ్లుగా రోజూ వెళ్లి, జీతానికి కాదు, ఫీజుకే ఈ పని చేస్తున్నాను. కిందటేడు ఆయన కూతురి పెళ్లి ఫ్లెక్సీలను ప్రచార ఖర్చు కింద రాయిస్తే కొట్టేశాను. "డీలర్లందరు చూసిండ్రు గద సార్" అని నవ్వి ఊరుకున్నాడు.

ఈ ఏప్రిల్‌లో, ఒక శనివారం, ఆయన నవ్వలేదు. గది తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించాడు.

"మెస్సు బిల్లుల గెస్టుల భోజనాలట సార్. ఫిబ్రవరి, మార్చి. మన సీజనే కాదు. ఏ డీలర్ వచ్చిండు? నేనైతే ఎవలకీ చాయ్ గూడ పోయలే."

ఆ ఖర్చు రాసేది మేనేజర్ ఖాజా పాషా.

"పాషా తిన్నాడేమో" అన్నాను.

"అప్పుడు రంజాన్ నెల. రోజా ఉన్నోడు మధ్యాహ్నం ఎట్ల తింటడు? మెస్సోనితోని కలిసి బిల్లులు పుట్టిస్తాండు. జర మీరే తేల్చుండ్రి. నిజమైతే సోమవారం నుంచి గేటు లోపలికి రానియ్య."

పాషాను అనుమానించడానికి మనసొప్పలేదు. జనవరిలో నా భార్య నిర్మల పోయాక నేను మధ్యాహ్నాలు బిస్కెట్లతో సరిపెట్టుకోవడం చూసి, "మా హలీమాబీ పంపింది సార్, ఇంటి తిండి, వద్దనొద్దు" అని క్యారేజీ తెచ్చి పెట్టింది అతనే. ఒక ఇల్లాలు వండి పంపితే ఎట్లా కాదంటాను? అప్పటినుంచి రోజూ తెస్తున్నాడు.

అయినా ఆ పూటంతా అతణ్ని ఓరగా చూస్తూనే ఉన్నాను. ఫోన్ మోగితే బయటికెళ్లి మాట్లాడాడు. నేను తలెత్తితే చూపు తిప్పుకున్నాడు. పన్నెండు దాటాక ఎవరికీ చెప్పకుండా కంపెనీ స్కూటర్ తీశాడు. తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు, నా ముందు క్యారేజీ పెట్టాడు.

మూత తీశాను. పప్పులోంచి ఆవిరి లేచి కళ్లద్దాలు మసకబారాయి.

పాషా ఇల్లు స్టేషన్ ఘన్‌పూర్‌లో. పొద్దటి రైలుకే వస్తాడు. ఆ రైల్లో వచ్చిన పప్పు మధ్యాహ్నం ఇంత వేడిగా ఎలా ఉంటుంది? రంజాన్‌లో ఆ ఇంట్లో పగలు తినేవాళ్లే లేనప్పుడు, నాకు రోజూ అన్నం ఎక్కణ్నుంచి వచ్చింది? అందరి ఖర్చులూ తరచి చూసే నేను, ఇన్నాళ్లూ నా గిన్నెలోకి చూసుకోలేదు.

"పాషా, ఆ గెస్టు నేనేనా?"

మంచినీళ్ల గ్లాసు పెట్టబోతూ ఆగిపోయాడు.

"ఇల్లు దూరం సార్. రైల్ల తెస్తే సల్లగైతది. మెస్సుదంటేనేమో మీరు ముట్టరు. సేటు అడిగితే చెప్దామనుకున్న."

"అడగలేదా?"

"ఇప్పుడు అడిగిస్తాండు గద, మీతోని."

నేను తినలేకపోయాను. లేచి వీరభద్రం గారి గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లు చిన్నవి చేసి ఈసారి నన్నే చూశాడు.

"ఇద్దరు మాట్లాడుకొనొచ్చి చెప్తాండ్రా?"

"మెస్సుకు పోయి అడగండి, ఆ భోజనం ఏ క్యారేజీలో సర్దుతున్నారో. నా బల్ల మీదున్న క్యారేజీ తీసుకెళ్లి చూపించండి. మీకు తెలియకుండా నాకు పెట్టిన అన్నం గెస్టుల ఖర్చు కాదు. కొట్టేస్తున్నాను. ఆ డబ్బు నా ఫీజులో పట్టుకోండి. పాషా ఒక్క మెతుకు తినలేదు, ఒక్క రూపాయి తీసుకోలేదు."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"నాకొక మాట చెప్తే పెట్టకపోదునా?" అన్నాడు. "సోమవారం రమ్మనుండ్రి. మెస్సు బిల్లు మాత్రం నా ముందటికి రావద్దు."

సోమవారం మధ్యాహ్నం పాషా మళ్లీ అదే క్యారేజీ తెచ్చి పెట్టాడు. అనుమానం నన్నింకా వదల్లేదు. మూత తీయకముందే గిన్నె మీద అరచెయ్యి ఆనించి చూశాను.

చల్లగా ఉంది.