బుజ్జమ్మ తప్పిపోయింది

నవలలో కథానాయిక రాజ్యానికి ఉన్నవి రెండే చీరలు. ఒకటి ఒంటిమీద, ఒకటి దండెంమీద. టీవీవాళ్ళు ఆమెకు ఎపిసోడుకొక కొత్త చీర కట్టారు. తుఫానులో పడవ తోసేటప్పుడు కూడా ఆ మహాతల్లి జడలో మల్లెపూలు వాడిపోలేదు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, కాదనను. అయినా చిన్నప్పటి నుంచి ప్రాణంగా చూసుకున్న పుస్తకానికి ఇట్లా రంగులు పూసి వీధిలో నిలబెడితే ఎవరికి మండదు?

ఆ నవల పేరు ‘లంకలో లాంతరు’. మా అమ్మ జయలక్ష్మమ్మ పెళ్ళై వచ్చేటప్పుడు యానాం నుంచి పెట్టెలో పెట్టి తెచ్చుకుంది. పుదుచ్చేరిలో, మూలకుళంలోని ఈ ఇంట్లో అప్పటికి అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళేగాని, తెలుగు అక్షరం తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరట. తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళం. బడిలో అరవం, ఆఫీసులో ఇంగ్లీషు, వంటింట్లోనూ పోట్లాటలోనూ తెలుగు. అమ్మ పట్టుబట్టి నాకొక్కదానికి చదవడం నేర్పింది.

సీరియల్ వచ్చినన్నాళ్ళూ సాయంత్రం వంట కాగానే ముగ్గురం టీవీ ముందు చేరేవాళ్ళం. నేను, కాలేజీ చదివే నా కూతురు అభినయ, అంబుజం అత్త. అత్త అంటే మా నాన్న చెల్లెలు. చదవడం రాదు కాబట్టి విన్నదంతా ఆమెకు కంఠతా వచ్చు. తిట్టడంలో కూడా నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది.

“రాజ్యం ఇల్లు మెట్లెక్కే మాడి ఇల్లా? తాటాకు గుడిసె గదా అది! ఈళ్ళ మొగాలు మండ, ఆ మొగుడు తాగుబోతు. ఈడేంది, కంటికి కన్నాడి పెట్టుకొని బళ్ళో వాత్యారు మాదిరి ఉండాడు?” అని ప్రకటనలు వచ్చేదాకా దులిపి పెట్టేది.

“ఇంత తిట్టుకుంటూ ఎందుకు చూడటం అవ్వా? ఆపేద్దాం” అనేది అభినయ.

“సుమ్మా ఉండు. కడాకు బుజ్జమ్మ వస్తాది. దాన్ని నేను సూడాల” అనేది అత్త.

బుజ్జమ్మ ఆ నవలలో రాజ్యం కూతురు, ఐదేళ్ళ పిల్ల. అత్తకూ ఒక్కతే కూతురు ఉండేది, మలర్. దానికీ ఐదేళ్ళే.

నేనప్పుడు నాలుగో తరగతి. మాసిమాగం నాడు దేవుళ్ళనందరినీ సముద్రస్నానానికి తెస్తారు కదా, ఆ జనంలో మలర్ అత్త చెయ్యి విడిచింది. మళ్ళీ కనబడలేదు. సముద్రం తీసుకుందో, ఎవరైనా ఎత్తుకుపోయారో, ఈ రోజుకీ తెలియదు. మామ అప్పటికే లేడు. అత్త పొద్దున్నే పిల్ల ఫోటో పట్టుకుని బయలుదేరేది. బస్టాండు, రైల్వే స్టేషను, తేంగాయితిట్టు రేవులో ఒక్కొక్క పడవ. చీకటి పడ్డాక వచ్చి పెట్టింది తినకుండా గోడవైపు తిరిగి పడుకునేది. ఎముకల గూడైపోయింది.

ఒక గంటైనా ఇంటిపట్టున కూర్చోబెట్టాలని మా అమ్మ మధ్యాహ్నాలు ఆ నవల చదివి వినిపించడం మొదలుపెట్టింది. లంక అనగానే అత్త రావణుడి ఊరనుకుంది. గోదావరి మధ్యలో ఉండే దిబ్బను లంక అంటారని అమ్మ చెప్పింది. ‘పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది’ అని చదివితే, “ఐయో పావం, దానికింత బువ్వ పెట్టమను వదినే” అంది అత్త. అరవంలో పసి అంటే ఆకలి. అమ్మ పుస్తకం మూసి పొట్ట పట్టుకుని నవ్వింది. మలర్ పోయాక మా ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదలు.

తుఫాను రాత్రితో నవల అయిపోతుంది. చివరి మాటలు నాకిప్పటికీ అమ్మ గొంతుతోనే వినిపిస్తాయి. ‘తెల్లవారేసరికి గాలివాన వెలిసింది. బుజ్జమ్మ తప్పిపోయింది.’

అత్త మా అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. “తప్పిపోయెనా వదినే? నిజంగా?”

“అవును అంబుజం, తప్పిపోయింది” అని అమ్మ కళ్ళు తుడుచుకుంది.

“అంత పెద్ద గాలివానలో ఆ బిడ్డ తప్పిపోయెనంటే, నా మలరు కూడా తప్పిపోయే ఉంటాది. యాడో సల్లగా ఉంటాది” అంది అత్త. లేచి మొహం కడుక్కుని, కంచం తెచ్చుకుని, అడిగి మరీ పులుసన్నం తింది. మర్నాటి నుంచి బస్టాండుకు పోలేదు. పిల్ల ఇక దొరకదన్న నిజాన్ని ఒప్పుకుంది, మనిషి బతికింది అని అమ్మ చెబితే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాన్న ఆ పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టాడు.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో అత్త నాతో ఎన్నిసార్లు అందో. “మలరు తప్పిపోయె గదా సుగంధీ?” అనేది. “అవునత్తా” అనేదాన్ని. పుండు కెలకడం ఇష్టంలేక మాట మార్చేదాన్ని.

ఆఖరి ఎపిసోడు వచ్చింది. టీవీలో గాలివాన వెలిసింది. పడవవాడొకడు తడిసి ముద్దై వచ్చి, “మీ బుజ్జమ్మ తప్పిపోయిందమ్మా” అన్నాడు. రాజ్యం బురదలో కూలబడి గుండెలు బాదుకుంది.

“దీనికేమి పిచ్చా?” అంది అత్త. “బిడ్డ తప్పిపోయెననే గదా వాడు చెప్తుండాడు! ఎగిరి గంతెయ్యాల్సిందానికి ఏడుస్తదేంది? ఈ అమ్మికి యాక్టింగు కూడా రాదు.”

అప్పుడు తట్టింది నాకు. ఈ వీధిలో ఎవర్నైనా అడగండి, తప్పిపోవడం అంటే తప్పించుకుపోవడం. లారీ కింద పడబోయి బతికితే తప్పిపోయె అంటారు. అరవం నుంచి మా తెలుగులోకి దిగిన అర్థం అది. వీధిలో నేనూ అట్లాగే అంటాను, పుస్తకం పట్టుకుంటే అమ్మ అర్థం చెప్పుకుంటాను. ఏది ఎక్కడ అన్నది ఆలోచించే పనే లేకుండా పెరిగాను. ‘లంక’ గురించి అత్త నోరు విప్పి అంది, అమ్మ అర్థం చెప్పింది. ‘పసిపిల్ల’ అన్నప్పుడూ అంతే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. తెలుసుననుకున్న మాటకు అర్థం ఎవరు అడుగుతారు, ఎవరు చెప్తారు?

టీవీలో రాజ్యం లాంతరు పట్టుకుని నడుస్తుండగా పేర్లు పడ్డాయి.

“బిడ్డను సూపించకుండానే ముగించేసిరే! దొంగనాయాళ్ళు!” అని అత్త మండిపడింది. “ఊళ్ళో జనం ఊరుకుంటారా? ఏమంటుండారో సూడవే అభినయా.”

అభినయకు తెలుగు చదవడం రాదుగాని, కామెంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనే ఉంటాయి. వద్దని సైగ చేశాను. అది ఫోనులో తల దూర్చి అప్పటికే చదువుతోంది.

“‘ఎన్ని మార్చినా ముగింపు మాత్రం మార్చలేదు, చేతులెత్తి దండం.’ ఇంకొకామె, ‘బుజ్జమ్మ తప్పిపోయిందనగానే నేనూ మా అమ్మా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.’ ఇదెవరో పెద్దాయన, ‘పెళ్ళికి ముందు చదివి ఏడ్చాను. ఈరోజు మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మళ్ళీ ఏడ్చాను.’ అందరూ ఏడుపేనవ్వా.”

“ఎందుకు? తప్పిపోయిన బిడ్డకి ఎందుకు ఏడ్చేది?” అంది అత్త. దేవుడి గూటివైపు చూపించి, “సుగంధీ, ఆ బుక్కు తే” అంది.

తెచ్చాను. చివరి పేజీ తీసి, ఉన్నది ఉన్నట్టే చదివాను.

“ఆఁ! అదే గదా! మీ యమ్మ అట్నే చదివె” అంటూ అత్త నవ్వింది. చిన్నపిల్లలా నవ్వింది. దేవుడా, అక్కడితో వదిలెయ్యి అనుకుని పుస్తకం మూశాను.

“యానాంలో ఆ మాటకు ఏమి అర్థం?” అంది అత్త, నవ్వు ఆపి.

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎంత సులువైన అబద్ధం! అదే అర్థం అత్తా అంటే సరిపోయేది. కానీ ఆమె నా మొహంలోకే చూస్తోంది. కథ వినేటప్పుడు మా అమ్మ మొహంలోకి అట్లాగే చూసేది. నేను అంత గట్టిదాన్ని కాదు.

“కనబడకుండా పోవడం అత్తా.”

“సచ్చిపోయేదా?”

“కాదు. ఉందో లేదో, ఎక్కడుందో ఎవరికీ తెలియకపోవడం.”

అత్త నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. “అప్పుడు రాజ్యం ఏమి చేసె?”

“పుస్తకంలో అక్కడికి అయిపోతుందత్తా.”

“టీవీలో మాత్రం లాంతరు పట్టుకుని ఊరూరా వెతుక్కుంటూ పోయిందవ్వా” అంది అభినయ, పాపం ఏమీ తెలియక.

“వెతికెనా?” అంది అత్త. నావైపు తిరిగింది. “నేను వెతికేది మానేస్తినే సుగంధీ. తప్పిపోయెలే, ఎవురో మారాజు ఇంట్లో బువ్వ తింటుండాదిలే అని కూకుంటినే. పొద్దుకొకసారి దండం పెట్టి కూకుంటినే. అమ్మ వస్తాది, అమ్మ వస్తాదని ఆ బిడ్డ యాడ నిలబడి సూసెనో!”

ఆమెను పట్టుకున్నాను. అత్త ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నా చేతులు విడిపించుకుని గుమ్మం దగ్గరికి పోయి చెప్పులు వెతుక్కుంది.

“ఎక్కడికత్తా?”

“బస్టాండుకి. దానికిప్పుడు వయసెంతుంటాది?”

“నలభై దాటి ఉంటుంది.”

అత్త ఒక చెప్పులో కాలు పెట్టి ఆగిపోయింది. “అట్లయితే ఎదురుగా వచ్చి నిలబడినా నాకు తెలీదు” అంది. రెండో చెప్పు కూడా వేసుకుంది.