బోరులో ఆగిపోయిన అంకె

అరవై మీటర్ల కేబుల్‌లో సగం పైకి వచ్చేసింది. అల్లాబకాష్ ఎడమచేత్తో పట్టి కుడిచేత్తో అందుకుంటూ, కాళ్ళ దగ్గర పరచిన గోనెపట్టా మీద చుట్టలుగా పేరుస్తున్నాడు. ఎక్కడా కుదుపు లేదు. బోరులోంచి ఏదో పసిబిడ్డను పైకి తీస్తున్నట్టుంది చూసేవాళ్ళకు.

కేబుల్ చివర జానెడు స్టీలు గొట్టం. నీళ్ళలో మునిగి ఉండి, తన మీద పడే నీటి బరువును బట్టి మట్టం ఎంత లోతున ఉందో లెక్కగట్టి, ఆరుగంటలకొకసారి అనంతపురం ఆఫీసుకు పంపుతుంది. ఇలాంటి బోర్లు పద్నాలుగు అతని వంతు. ఇది కంబదూరు దాటాక ఆరు కిలోమీటర్ల దూరంలో, రామలింగయ్య చేని గట్టున ఉంది.

అల్లాబకాష్‌కు యాభై ఎనిమిదేళ్ళు. సన్నని మనిషి. వేళ్ళు మాత్రం పొడుగ్గా, కొసలు కాయలు కాచి ఉంటాయి. కళ్యాణదుర్గంలో రేడియోలు బాగుచేస్తూ మొదలుపెట్టి, రేడియోలు పోయాక ఈ పనిలో చేరాడు. వాళ్ళ నాయన బావులు తవ్వేవాడు. ఆయనకు నలభై అడుగుల్లో నీళ్ళు తగిలేవి. కొడుకు ఇప్పుడు నలభై మీటర్ల కింద వాటిని వెతుక్కుంటున్నాడు.

పొద్దున బయల్దేరుతుంటే భార్య రోషన్ బీ గడపలో అడ్డంగా నిలబడింది.

"ఎద పట్టేసినట్టుండాదంటివి. ఈ ఒక్కదినం ఇంట్లో ఉంటే ఏం పోతాది?"

"కంబదూరు బోరు అబద్ధం చెప్తాండాది. చూసొస్తా," అన్నాడు నవ్వుతూ.

అబద్ధమని కనిపెట్టింది ఆఫీసులో ఉండే ఉమాదేవి. అతని కూతురి వయసు. "అన్నా, పదకొండు దినాల్నుంచి ముప్పై ఎనిమిది మీటర్ల దగ్గరే నిలబడిపోయింది. చుట్టుపక్కల బోర్లన్నీ దిగుతాండాయి," అని ఫోన్ చేసింది.

గొట్టం పైకి వచ్చింది. దాని మూతి చూడగానే సంగతి అర్థమైంది. నీళ్ళు లోపలికి పోయే సన్నని రంధ్రాలు సున్నపు పొరతో, ఎర్రటి జిగురుతో పూర్తిగా పూడుకుపోయాయి. పాత బరువునే లోపల బిగబట్టుకుని, పాత అంకెనే చెబుతోంది పాపం. సూదితో పొడిస్తే లోపలి పల్చటి రేకు చిరిగిపోతుంది. సీసాలో తెచ్చిన సిర్కాను, అదే వెనిగర్‌ను, గ్లాసులో పోసి, మూతిని అందులో నిలబెట్టాడు. అరగంట నాననివ్వాలి.

ఈలోగా సుద్దముక్క రుద్దిన ఇనుప టేపును బోరులోకి వదిలాడు. పైకి తీసి తడి ఎక్కడిదాకా అంటిందో చూశాడు. నలభై ఒకటీ పాయింట్ రెండు. మూడు మీటర్లకు పైగా దిగిపోయాయి నీళ్ళు.

అప్పుడే రామలింగయ్య సంగటి గిన్నెతో వచ్చాడు. వేపచెట్టు నీడలో రెండువందల చీనీ, అంటే బత్తాయి మొక్కలు నల్లటి సంచుల్లో వరసగా ఉన్నాయి.

"రేపు నాటల్ల," అన్నాడు రామలింగయ్య వాటిని చూపిస్తూ. "ఊరి సచివాలయంలో అడిగినా. నీళ్ళు ముప్పై ఎనిమిదిలోనే ఉండాయి, దిగలేదన్నారు. ఆ ధైర్యంతోనే తెచ్చుకొన్నా."

అల్లాబకాష్ టేపు తుడవడం ఆపేశాడు.

"నాటొద్దు రామలింగయ్యా. నలభై ఒకటికి పోయినాయి. ఆ అంకె తప్పు."

"ఏమప్పా, మిషనే తప్పు చెప్తే మేం ఎవుర్ని నమ్మల్ల?"

"మిషన్ తప్పు కాదు, నాది. పోయిన నెలే దీన్ని తీసి కడగాల్సుండె. వచ్చినా, ఎదలో నొచ్చింది. పైన అంకెలు పంపే డబ్బా తుడిచేసి ఇంటికి పోయినా."

రామలింగయ్య కింద కూర్చుని, పక్కకు ఒరిగిన మొక్క సంచినొకదాన్ని నిలబెట్టాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు గదా," అన్నాడు.

"చెట్లు ఎండినాక తెలుస్తుండె."

రామలింగయ్య గిన్నె అతని ముందుకు తోశాడు. "ముందు తిను. కోపం వచ్చింది, సాయంత్రానికి పోతాదిలే. నలభై మొక్కలు నాటుకుంటా. మిగిలినవి మా బామ్మర్ది తీసుకుపోతాడు, వాని బోరు బాగుండాది."

సంగటి, ఊరుబిండి పచ్చడి. అల్లాబకాష్ సగమే తినగలిగాడు. సిర్కాలో నానిన మూతిని మెత్తటి బ్రష్షుతో కడిగి, మంచినీళ్ళు పోసి, వెలుతురుకు ఎత్తి చూశాడు. రంధ్రాలన్నీ తెరుచుకున్నాయి. కేబుల్‌ను మూరమూరగా దించి, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుని, అంకెను అప్పటికప్పుడు పంపే మీట డబ్బా మీద నొక్కి, ఉమాదేవికి ఫోన్ చేశాడు.

"నలభై ఒకటీ పాయింట్ రెండు చూపిస్తాంది! నీ చేతిలో ఏం మహిమ ఉందో అన్నా!"

"ఆ పదకొండు దినాల అంకెలు కొట్టేయమ్మా. పోయిన నెల అల్లాబకాష్ కడగలేదు అని రాయి."

"అదంతా ఎందుకులే అన్నా."

"రాయమ్మా. రేపు చూసుకునేవాళ్ళకు తెలియల్ల."

ఫోన్ పెట్టేసి బోరు చుట్టూ ఉన్న సిమెంటు దిమ్మెకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఎండ పక్కకు తిరిగింది. చేనిమీంచి గాలి వస్తోంది. మజ్జిగ తెస్తానని రామలింగయ్య ఇంటికి పోయాడు. చెంబుతో తిరిగివచ్చి, "ఇంద," అన్నాడు. మళ్ళీ అన్నాడు. తర్వాత చెంబు కింద పెట్టి, అతని పక్కనే కూర్చుని, ఒళ్ళో చల్లబడుతున్న ఆ పొడుగు వేళ్ళను తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

మరుసటి నెల ఆ బోరు చూడటానికి ఉమాదేవే వచ్చింది. అంకెలు సక్రమంగా అందుతున్నాయి, అయినా వచ్చింది. రామలింగయ్య దగ్గరుండి మూత తెరిచాడు. బోరు ఇనుప గొట్టం అంచుకు కేబుల్ ఆనేచోట మెత్తగా ఏదో చుట్టి ఉంది. ఆమె వేలితో తాకింది.

"అంచుకు ఒరుసుకొని తెగుతాదని, అల్లాబకాష్ వాళ్ళ ఇంటామెతో కుట్టించుకొచ్చినాడు," అన్నాడు రామలింగయ్య.

ఆకుపచ్చ పాతచీర ముక్క, నాలుగు మడతలు వేసి, అంచు చుట్టూ దగ్గరదగ్గరగా చేతికుట్టు వేసినది. కేబుల్ ఒత్తుకున్న చోట కాస్త పల్చబడింది, ఇంకా చిరగలేదు.