మలుపులో ఏడు రాళ్లు

లారీ దారిలో ఆగిపోతే ఏం చేయాలో ఎల్లప్పను అడగాలి. అడగకపోయినా చెబుతాడు. ఇరవై ఏళ్ల డ్రైవరీలో ఒక్క మనిషికి గీత పడనివ్వలేదని అఫ్జల్‌గంజ్ లారీ అడ్డా అంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకునేదాకా ఎల్లప్ప వదిలిపెట్టడు మరి.

ఆ రోజూ అంతే. లారీని అడ్డాలో పెట్టి, సైదాబాద్‌లో ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని గడప మీద కూర్చున్నాడు. భార్య సక్కుబాయి ఇచ్చిన చాయ్ సాసర్లో పోసుకుంటూ మొదలుపెట్టాడు. చలికాలం, ఐదున్నర దాటి పదినిమిషాలైంది.

"కంచన్‌బాగ్ కాడ ఇటుకలు దించి ఖాళీ బండితోని వస్తున్న. గా దిగుడు మలుపు లేదా, గక్కడ వెనక టైరు పేలింది. నేను గాబరా పడలే. మెల్లగ పక్కకు తీసి ఆపిన. ముందుగాల చక్రాల కింద రాళ్లు పెట్టిన, బండి జారకుండ. అటెన్క వెనకదిక్కు రోడ్డు మీద ఏడు రాళ్లు పెట్టుకుంట పోయిన. వచ్చేటోడు దూరంకెల్లే చూసి తప్పుకోవాలె గద. వెనక తలుపుకు యాపకొమ్మ కట్టిన. గప్పటిదాంక జాకీ ముట్టలే. గింత పక్కాగ ఎవడు చేస్తడో చెప్పు."

సక్కుబాయి బియ్యం ఏరుతోంది. పెళ్లయిన నాటి నుంచీ వింటున్న పాఠమే కాబట్టి చెవి ఒకటి ఇటు, కళ్లు చాట మీద.

"ఒక్కనివే చేసినవా? బుచ్చయ్య రాలేదా?"

బుచ్చయ్య ఆ లారీ క్లీనరు, ఎల్లప్పకన్నా రెండేళ్లే చిన్న.

"వానికి జొరం. మూడొద్దులాయె."

"మరి రాళ్లెవరు తీసిండ్రు?"

సాసరు నోటిదాకా వెళ్లి ఆగింది.

రాళ్లు పెట్టమనేది డ్రైవరు. పెట్టేదీ, పనయ్యాక తీసేదీ క్లీనరు. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ లారీల మీద అది పద్ధతి. జాకీ దించగానే ఎల్లప్ప సీటెక్కి ఇంజిను స్టార్టు చేస్తాడు. బుచ్చయ్య రాళ్లన్నీ పక్కకు విసిరి, పరుగెత్తుకొచ్చి డోరు మీద రెండు దెబ్బలు చరుస్తాడు. బండి కదులుతుంది. ఇవాళ రాళ్లు తానే పెట్టాడు, టైరు తానే మార్చాడు, ఆ తర్వాత చేతులు తుడుచుకుని అలవాటు చొప్పున సీటెక్కాడు. చక్రాల కింది రాళ్లు తీశాడు, తీయకపోతే బండి కదలదు కాబట్టి. వెనక రోడ్డు మీదివి మాత్రం తన కళ్లకు ఆనలేదు.

"ఏందయ్యా, రాళ్లు తీసినవా లేదా?"

"తియ్యలే," అన్నాడు ఎల్లప్ప.

సక్కుబాయి చేయి చాటలోనే ఉండిపోయింది. "బాలకిషన్," అంది.

బాలకిషన్ ఆమె తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి ఏడేళ్లు. అక్క కొంగు పట్టుకుని ఈ ఇంటికొచ్చాడు. ఎల్లప్ప దంపతులకు పిల్లల్లేరు. వాడు వచ్చాక ఆ మాట వాళ్లు అనుకున్నదీ లేదు. పెంచారు, చదివించారు, ఆరు నెలల కిందటే కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం పర్మనెంటయితే వాడకట్టంతా లడ్డూలు పంచారు. ఆరింటికి షిఫ్టు విడుస్తారు. వందల సైకిళ్లు ఆ మలుపు మీదుగానే దిగుతాయి. అక్కడ దీపస్తంభం లేదు. బాలకిషన్ సైకిలుకు లైటూ లేదు. పెట్టించుకోరా అంటే, "కండ్లున్నయి గద బావా" అని నవ్వుతాడు. ఆ దిగుడులో పెడలు తొక్కడు, బ్రేకు పట్టడు, గాలికి వదిలేస్తాడు.

సక్కుబాయి చాట పక్కన పెట్టి చెప్పుల్లో కాళ్లు దూర్చింది. తిట్టినా బాగుండేదని ఎల్లప్పకు అనిపించింది.

పక్కింటి ఖాదర్ భాయ్ తన ఆటో తుడుచుకుంటున్నాడు. ఎల్లప్ప చెప్పింది సగమే విని గుడ్డ భుజాన వేసుకున్నాడు. "బైఠో భాయ్. బాతాఁ బాద్‌మే," అంటూ సీటు చూపించాడు, మాటలు తర్వాత అన్నట్టు.

సక్కుబాయి కూడా ఎక్కింది. వద్దనే ధైర్యం ఎల్లప్పకు లేకపోయింది. సందు దాటేసరికి ఎడ్లబండి అడ్డం, అది తప్పుకునేసరికి బర్రెలు. ఆకాశంలో ఎరుపు పోయి బూడిదరంగు దిగుతోంది. "జెర జల్ది, భాయ్," అన్నాడు ఎల్లప్ప మూడోసారి.

"పోతనే ఉన్న. మనమే పడితే గా రాళ్లెవరు తీస్తరు?" అన్నాడు ఖాదర్ భాయ్ వెనక్కి తిరగకుండానే.

రాళ్లు తాను ఏరుకొచ్చినవే. ఎంత బరువో చేతులకు తెలుసు. పెద్దది గుమ్మడికాయంత ఉంటుంది, మట్టిరంగు, మసక వెలుతురులో రోడ్డులో కలిసిపోతుంది. పిల్లగాడు దాని మీదికి ఎట్లా వస్తాడో, ఎటు పడతాడో ఎల్లప్ప మనసు వద్దన్నా చూపిస్తూనే ఉంది.

మలుపు దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఒక స్కూటరు నిలబడి ఉంది. ఇంజిను ఆగితే లైటు ఆరిపోతుందని దాన్ని ఆపకుండా రోడ్డుకి అడ్డంగా వెలుగు పడేలా తిప్పి పెట్టాడొకాయన. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. కుడి మణికట్టు వాచింది. రోడ్డు వారన నిలబడి, పైనుంచి వచ్చే ఒకరిద్దరికి "రాళ్ళున్నాయి, నెమ్మది" అని చెబుతున్నాడు. ఎడమచేత్తో తీయగలిగినవి ఐదు తీసి పక్కన పడేశాడు. రెండు పెద్దవి మిగిలాయి.

"మీరూ చూసుకుని వెళ్ళండి," అన్నాడు ఆటో ఆగగానే. కోస్తా మాట. "నా పేరు శ్రీరామమూర్తి, ట్రెజరీలో పని చేస్తాను. ఎవడో లారీవాడు రాళ్ళు పెట్టి పోయాడండీ. నేను పడ్డాను, సరే, ఇంకొకరు పడకూడదని ఉన్నాను. సాయానికి వచ్చారా? మీలాంటివాళ్ళుండబట్టే ఊళ్ళు నడుస్తున్నాయి."

ఖాదర్ భాయ్ ఆకాశం వైపు చూశాడు. సక్కుబాయి నేల వైపు చూసింది. మొగుణ్ణి బయటపెట్టే మనిషి కాదు ఆమె. అవునండీ అంటే అయిపోయేది. ఇరవై ఏళ్ల పేరు అలాగే ఉండేది.

"గా లారీవాణ్ణి నేనే సార్," అన్నాడు ఎల్లప్ప.

శ్రీరామమూర్తి తన వాచిన మణికట్టు చూసుకుని, తలెత్తి అతన్ని చూశాడు. చూపులోకి కోపం వచ్చింది, రావడం ఎల్లప్పకు కనబడింది కూడా.

"మర్చిపోయిన సార్. తప్పయింది. మా పిల్లగాడు గీ తొవ్వనే వస్తడిప్పుడు. సైకిలుకు లైటు లేదు."

"అయితే నిలబడి మాట్లాడతావేమయ్యా? ముందు ఆ పెద్దది పట్టు."

ఎల్లప్ప వంగాడు. రాయి ఇందాకటికన్నా బరువనిపించింది. ఖాదర్ భాయ్ ఇంకో చివర పట్టాడు. ఇద్దరూ దాన్ని రోడ్డు పక్కనున్న మురుగు మోరీ అవతలికి దొర్లించారు. సక్కుబాయి రెండోదాన్ని కడుపుకు ఆనించుకుని తానొక్కతే మోసుకెళ్లి పడేసింది. ఆమె మెడ మీద నరాలు ఉబ్బాయి. సాయం రానివ్వలేదు.

పైన సైకిలు గంటలు వినబడ్డాయి. షిఫ్టు విడిచారు.

నలుగురూ రోడ్డు వారకు వచ్చి నిలబడ్డారు. సైకిళ్లు గుంపులుగా దిగుతున్నాయి, టిఫిన్ డబ్బాలు గలగలమంటున్నాయి. ఆ చీకట్లో ముఖాలు ఆనవు. అయినా సక్కుబాయే ముందు గుర్తుపట్టింది. తమ్ముడు రెండు చేతులూ హ్యాండిల్ మీంచి తీసేసి, పక్కవాడికి ఏదో కథ చెబుతూ, నవ్వుతూ వస్తున్నాడు. వదిలేశాడు, అనుకున్నట్టే, గాలికి.

ఆమె పిలవబోయింది. ఎల్లప్ప చేయి పట్టుకున్నాడు. "వద్దు. తిరిగి చూస్తే పడతడు."

పెద్ద రాయి ఉన్న చోటు మీదుగా సైకిలు ముందు చక్రం వెళ్లింది, వెనక చక్రం వెళ్లింది. బాలకిషన్ వాళ్లను చూడలేదు. మలుపు తిరిగి పోయాడు, నవ్వు మాత్రం కాసేపు వినబడింది.

ఎల్లప్ప అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. సక్కుబాయి పక్కనే కూలబడి అతని భుజం మీద ఒక్కటి గట్టిగా చరిచింది. తర్వాత ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది.