అంతా ఒరిజినలే

నేను ఒక మోటార్‌సైకిల్‌ని అంటే మా షెడ్డులో ఒప్పుకోరు. మోటార్‌సైకిళ్ళు రోడ్డు మీద బోలెడు తిరుగుతుంటాయి, వాటి సరసన నన్ను చేర్చడం తప్పంటారు. నన్ను 'మెషీన్' అనాలట. కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటాక, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ వెనకాల రేకుల షెడ్డు ఒకటుంది. అందులో మెత్తటి దుప్పటి కప్పుకుని నిలబడి ఉంటాను. నా ఒంటి మీద ప్రతి ముక్కా అసలైనదే. ఎక్కడెక్కడినుంచో వచ్చి ఫొటోలు దిగుతారు, బండంటే ఇదీ, అదృష్టమంటే దీనిదీ అంటారు. నేనేమీ అనను. అనగలిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

మద్రాసు పక్కన తిరువొత్తియూరులో పుట్టాను. నల్లటి ఒళ్ళు, పెట్రోలు ట్యాంకు మీద రెండు పక్కలా బంగారు రంగు గీతలు. ఆ గీతలు యంత్రాలు వేసేవి కావు. ఒక మనిషి ఊపిరి బిగబట్టి, సన్నటి కుంచెతో ఒక్క లాగులో లాగేవాడు. బుల్లెట్టుగా పుట్టినందుకు నాకేమైనా గర్వం ఉందంటే అది ఆ గీతలు చూసుకునే.

మొదట కొన్నది రాజమండ్రిలో ఇరిగేషన్ ఇంజనీరు. నాకంటే తన బూట్లు మెరవడం మీద ఆయనకి ధ్యాస ఎక్కువ. జీపు రాగానే నన్ను వదిలించుకున్నాడు. అప్పుడు పిఠాపురం హైస్కూల్లో కొత్తగా చేరిన డ్రాయింగు మాస్టారు, వీరభద్రం గారు, నన్ను కొనుక్కున్నారు. ఆ ఏడే ఆయన పెళ్ళి. సాయంత్రం బడి వదలగానే భార్య భ్రమరాంబ గారిని ఎక్కించుకుని ఉప్పాడ వెళ్ళేవారు. ఆవిడ పక్కకి తిరిగి కూర్చుని, ఒక చేత్తో ఆయన భుజం, ఇంకో చేత్తో కొంగు పట్టుకునేది. ఈయన మాటిమాటికీ వెనక్కి తిరిగి కబుర్లు చెప్పేవారు. "ముందు చూసి నడపండి మహానుభావా" అని ఆవిడ కసిరేది. సముద్రపు తుంపర నా గీతల మీద పడి ఎండి ఉప్పు కట్టేది. నా బతుకులో నాకు మళ్ళీ మళ్ళీ కావాలనిపించినవి ఆ సాయంకాలాలే.

మాస్టారు ఇల్లు కట్టడం మొదలుపెట్టినప్పుడు నన్ను అమ్మేశారు. కొన్నది యానాం పక్కన రొయ్యల వ్యాపారి. వెనక తొట్టె కట్టించి ఐసూ, రొయ్యలూ మోయించాడు. నాకు ఇంగ్లండులో పోతపోసిన కార్బరేటర్ ఉండేది, గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజనుకి ఊపిరందించే ముక్క. అది పాడైతే ఎవరి స్కూటర్‌దో ఊడదీసి రాగితీగతో కట్టాడు. హవాయి చెప్పు కోసి వాషరు చేశాడు. చూస్తే పరువు తక్కువగా ఉండేది గానీ నేను ఆగలేదు. వానలో నడిచాను, బురదలో నడిచాను, ఏళ్ళ తరబడి నడిచాను. ఈ సంగతి మాత్రం మరిచిపోకండి.

వ్యాపారి ట్రక్కు కొన్నాక నన్ను గోడౌన్లో ఒక మూల పడేశాడు. రిటైరైన వీరభద్రం మాస్టారు ఎవరో చెబితే వచ్చి, నంబరు ప్లేటు మీద మట్టి తుడిచి చూసి, అక్కడే నేల మీద చతికిలబడిపోయారు. అలా ఈ షెడ్డుకి చేరాను.

షెడ్డులో ముగ్గురే మనుషులు. మాస్టారు, ఆయన చిన్ననాటి స్నేహితుడు కామేశం, మెయిన్ రోడ్డులో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉన్న జిలానీ. జిలానీ వాళ్ళిద్దరికంటే చాలా చిన్నవాడు. పాత బళ్ళని పుట్టినప్పటిలా చేయడం వాళ్ళ పిచ్చి. ఆదివారం పొద్దున్నే చేరతారు. చేసే పని తక్కువ, ఒకరినొకరు ఏడిపించుకోవడం ఎక్కువ. మనుషులు ఎదటివాడంటే ఇష్టమని నోటితో చెప్పలేక ఇన్ని తిట్లు కనిపెట్టుకున్నారని నాకు అక్కడే తెలిసింది.

ఆ షెడ్డుకో ఆచారం ఉంది. బండికి ఎవరైనా డూప్లికేటు ముక్క వేస్తే, దాని ముందు కొబ్బరికాయ కొట్టి, చెంపలు వేసుకుని, అందరికీ పెసరట్టు ఉప్మా పెట్టించాలి. కనిపెట్టింది మాస్టారే. ఒకసారి కామేశం ఓపిక పట్టలేక తన బండి హెడ్‌లైటుకి బజారు అద్దం బిగించాడు. చెంపలూ వేసుకున్నాడు, పెసరట్లూ పెట్టించాడు. అయినా మాస్టారు వదల్లేదు.

"ఒరే కామేశం, నీ పళ్ళసెట్టు ఒరిజినలేనా? అదీ బజారు సరుకేనా?" అనేవారు.

"పళ్ళు నావిరా. నీ జుట్టు రంగు సంగతి చెప్పు ముందు."

"గురువుగారి జుట్టు కంపెనీ పెయింటండీ, టచింగ్ మాత్రం లోకల్" అని జిలానీ అందుకునేవాడు.

ముగ్గురూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వేవారు. ఆ నవ్వు వింటూంటే నా తుప్పు దానంతటదే రాలిపోతున్నట్టుండేది. నా ఒంటినించి చెప్పు ముక్క పీకేశారు, స్కూటర్ కార్బరేటర్ పీకి అవతల పారేశారు. ఇంజను విప్పి శుభ్రం చేశారు. చక్రాలు, సీటు, తీగలు, అన్నీ కుదిరాయి. ట్యాంకుకి నల్లరంగు పడింది. కాకినాడలో ఏ పాత బండికైనా బంగారు గీతలు వేసేది మాస్టారే. నా ఎడమ పక్క గీత ఒక్క లాగులో వేశారు. తిరువొత్తియూరు మనిషి చూస్తే సెబాసు అనేవాడు.

ఇక తక్కువైంది ఒక్కటే, ఆ ఇంగ్లండు కార్బరేటర్. అది ఎక్కడా దొరకలేదు.

జిలానీ ఒక ఆదివారం డూప్లికేటు ఒకటి పట్టుకొచ్చాడు. "మాస్టారూ, ఒరిజినల్ దొరికినప్పుడు దొరుకుతాది. ప్రస్తుతానికి ఇదెట్టి నడిపేద్దామండీ. అమ్మగారిని ఉప్పాడ తీసుకెళ్తానన్నారు కదా" అన్నాడు.

మాస్టారు దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని కామేశానికిచ్చారు. "నీ జాతిదేరా, తీసుకో" అన్నారు. నవ్వులే నవ్వులు. నేనూ నవ్వాననుకుంటాను. అప్పటికి ఇంకా నవ్వొచ్చేది.

ఆ తరవాత కుడి పక్క గీత వేయడానికి ఆయన ఒక్కరూ ఒక మధ్యాహ్నం వచ్చారు. కుంచె ఆనించారు. గీత నడిచింది, నడిచి, చివరికొచ్చేసరికి పాములా మెలితిరిగింది. ఆయన కుంచె వంక చూశారు, చేతి వంక చూశారు. గుడ్డకి థిన్నరు అద్ది తుడిచేశారు. మళ్ళీ వేశారు, మళ్ళీ తుడిచారు. ఆఖరికి నా సీటు మీద తల ఆన్చి చాలాసేపు ఉండిపోయారు. ఆ చేతి వణుకు నా చట్రం దాకా తెలుస్తూనే ఉంది.

ఆదివారం కామేశం అడిగాడు, "ఏరా, రెండో పక్క ఎప్పుడు?"

"కార్బరేటర్ వచ్చాక. పుస్తె పెళ్ళికూతురు పీటలెక్కాక కడతార్రా, ముందే కట్టరు" అన్నారు మాస్టారు. వాళ్ళు నమ్మారు.

ఒకరోజు భ్రమరాంబ గారు మజ్జిగ సీసా పట్టుకుని షెడ్డుకి వచ్చింది. ఇద్దరే ఉన్నారు. ఆవిడ నా సీటు నిమిరి, మెల్లగా అంది. "డాక్టరు చెప్పింది విన్నారు కదా. పట్టు రోజురోజుకీ తగ్గుతుందన్నాడు, పెరగదన్నాడు. ఉన్నప్పుడే ఒక్కసారి వెళ్ళొచ్చేద్దామండీ. ఈ వయసులో నేను నగలడిగానా, తీర్థయాత్రలడిగానా?"

"ముక్క రాలేదే. ముక్క లేకుండా బండెలా నడుస్తుంది?"

"పోనీ వాళ్ళతో చెప్పండి, మీ చేతుల సంగతి. తొందరపడి వెతుకుతారు."

"వద్దు. నీకు దణ్ణం పెడతాను, చెప్పకు. ఇంట్లో నువ్వు జాలిగా చూస్తావు, ఆసుపత్రిలో వాళ్ళు జాలిగా చూస్తారు. ఈ ఒక్క షెడ్డులోనే నన్నింకా ఏడిపిస్తున్నారు. అది కూడా పోతే నేనేం చేసుకోను?"

ఆవిడ మజ్జిగ గ్లాసులో పోసి, ఆయన చేతికివ్వకుండా తనే పట్టుకుని తాగించింది. ముక్క లేకపోతే నడవనన్న మాట అబద్ధమని నాకు తెలుసు. రాగితీగతోనూ చెప్పు ముక్కతోనూ నడిచినదాన్ని నేను. ఆ డూప్లికేటు కామేశం అలమారలోనే ఉంది. బిగించడానికి ఒక పూట పని. ఇంత ఇనుము పెట్టి చేసి నాకు నోరు పెట్టనివాణ్ణి ఆ రోజు నేను తిట్టుకోని తిట్టు లేదు.

ఆ మాటలు మాస్టారిని తొలిచినట్టున్నాయి. ఆ తరవాతి ఆదివారం టీ తాగుతూ, ఎటో చూస్తూ అన్నారు. "పోనీ ఆ డూప్లికేటే వేసేద్దామంటావా?"

కామేశం గ్లాసు కింద పెట్టి లేచాడు. "జిలానీ, కొబ్బరికాయ తేవయ్యా! కాదు, బస్తా తే! ఇన్నేళ్ళు నా ప్రాణం తీసిన మహానుభావుడు ఇవాళ చిక్కాడు!"

"చెంపలు ఎన్నేసుకుంటారండీ మాస్టారూ? నేను లెక్కెడతాను" అన్నాడు జిలానీ.

"ఊరంతా పెసరట్లు పెట్టినా నీ పాపం పోదురోయ్!"

పొట్ట పట్టుకుని నవ్వారు ఇద్దరూ. వాళ్ళని నేను తప్పుపట్టలేను. ఆయన వాళ్ళకి నేర్పిన ఆటే అది. మాస్టారు వణికే చేతిని జేబులో పెట్టుకుని వాళ్ళతో పాటు నవ్వారు. "సరదాగా అన్నాన్లేరా, నేను వేస్తానా?" అన్నారు. ఇంకోసారి అడుగుతారేమోనని ప్రతి ఆదివారం ఎదురుచూశాను. అడగలేదు. అలా వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది, ఎండలు ముదిరాయి. చొక్కా గుండీలు భార్య పెట్టి పంపేది. టీ గ్లాసు సగమే పోయించుకునేవారు. వాళ్ళకి ఏ తేడా కనిపించలేదు. మనుషులు నవ్వుతూంటే ఎదటివాడి చేతులు చూడరు.

చివరికి కోయంబత్తూరులో ఎవరి దగ్గరో అసలు ముక్క దొరికింది. కామేశమే వెళ్ళి తెచ్చాడు. మాస్టారు ఆశ్చర్యపోవాలని ఇద్దరూ చెప్పాపెట్టకుండా బిగించి, కుడి పక్క గీత కూడా బయటి పెయింటరు చేత వేయించి, ఆదివారం ఆయన్నీ భ్రమరాంబ గారినీ ఆటోలో రప్పించారు. జిలానీ కిక్కు కొట్టాడు. ఇన్నేళ్ళకి నా గుండె కొట్టుకుంది. ఐసు ఫ్యాక్టరీ గోడలు దద్దరిల్లాయి.

ఆవిడ మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. మాస్టారు ఎక్కారు, ఆవిడ వెనక పక్కకి తిరిగి కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ బరువు నాకు గుర్తుంది. ఆయన ఎడమ చెయ్యి క్లచ్చి మీద పెట్టారు. మా జాతి క్లచ్చి గట్టిది, పిడికిలి బిగించి లాగాలి. వేళ్ళు దాని మీద పడ్డాయి, వణికాయి, మూసుకోలేదు. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ.

"ఏరా, పెళ్ళాం ఎక్కేసరికి వణుకొచ్చిందా?" అన్నాడు కామేశం.

ఎవరూ నవ్వలేదు. జిలానీ అప్పటికే ఆ చేతిని చూశాడు.

"రాదురా. ఏడాది బట్టీ పట్టు లేదు" అన్నారు మాస్టారు.

"ఏడాది బట్టీనా? మరి చెప్పవేంరా?" అన్నాడు కామేశం.

"చెబితే నువ్విలా అడుగుతావని."

దింపారు ఆయన్ని. జిలానీ తను నడుపుతానన్నాడు, ఒకరి తరవాత ఒకరిని తీసుకెళ్తానన్నాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. కామేశం ఆయన్ని పొదివి పట్టుకుని ఆటో దాకా నడిపించాడు. దారి పొడుగునా ఒక్క జోకూ వేయలేదు. మాస్టారు దేనికి భయపడ్డారో అది అక్కడే జరిగిపోయింది.

భ్రమరాంబ గారు నా హ్యాండిల్‌కి తగిలించిన ఆయన కళ్ళజోడు కోసం వెనక్కి వచ్చింది. నేను ఇంకా నడుస్తూనే ఉన్నాను. ఆ చప్పుడులో జిలానీకి దగ్గరగా వచ్చి అడిగింది.

"తమ్ముడూ, ఈ ముక్క లేకపోతే ఇది నిజంగా నడవదా?"

జిలానీ నేల చూపులు చూశాడు. "నడుస్తాదమ్మా. ఏదెట్టినా నడుస్తాది. నిరుడే నడిచేది."

"మరి ఆయన వేయించమని అడగలేదా?"

"అడిగారమ్మా."

"మీరేమన్నారు?"

"నవ్వామమ్మా" అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంటూ వెళ్ళి ఆటోలో ఆయన పక్కన కూర్చుంది. ఆటో ఇంటి వైపు తిరిగింది. నన్ను ఆపాలని కామేశానికీ జిలానీకీ తోచలేదు. వెనక చక్రం స్టాండు మీద కదలకుండా ఉంది, ఇంజను మాత్రం ట్యాంకులో పోసిన పెట్రోలు అయిపోయేదాకా కొట్టుకుంటూనే ఉంది.