ఒట్టిపోయిందట

రొమ్ముపాలు తీసుకునే పంపు భాగాల్ని వేడినీళ్ళలో వేసి రుద్దుతుంటే వెనకనుంచి మా ఆయన రవికాంత్ అన్నాడు. "అది కోపం కాదు గౌరీ, హార్మోన్లు. తగ్గిపోతుందిలే."

నేను గన్నవరంలో వెటర్నరీ చదివాను. విస్కాన్సిన్‌లో ఒక యూనివర్సిటీ డెయిరీ ల్యాబ్‌లో, కాన్పుకి ముందూ వెనకా ఆగిన కొద్ది నెలలు తప్ప, రెండేళ్ళుగా చేస్తున్న పని ఒకటే. పాడి ఆవు పొదుగు కణాలను పెంచడం, వాటి మీద ఒక్కో హార్మోను వేసి చూడటం. ఏది ఎంత వేస్తే కణం ఏం చేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ మనిషికి ఒక్క హార్మోను పేరు కూడా సరిగ్గా పలకడం రాదు. నాకు వచ్చింది కోపమేనని నాకు తెలుసు. ఎందుకొచ్చిందో కూడా తెలుసు.

ముందురోజు రవికాంత్ ఆఫీసు స్నేహితుడింట్లో భోజనాలు. పాప డబ్బా పాలు తాగుతుంటే ఎవరో అడిగారు, తల్లిపాలు చాలడం లేదా అని. అత్తగారు రాధారాణి, అప్పడం విరుచుకుంటూ, "మా కోడలు మూడో నెలకే ఒట్టిపోయిందమ్మా. పొద్దస్తమానం ఆవుల్లో తిరిగితే పాలెక్కడుంటాయి" అన్నారు. గదిలో పదిమంది మగవాళ్ళున్నారు. రవికాంత్ కూడా వాళ్ళతో పాటే నవ్వాడు. కారెక్కాక ఎందుకు నవ్వారని అడిగితే, అమ్మ సరదాకి అంది, నువ్వే సీరియస్‌గా తీసుకుంటున్నావన్నాడు. పాలు ఎందుకు తగ్గాయో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ల్యాబ్‌లో పాలు తీసుకోవడానికి గది లేదు. బాత్‌రూంలో టాయిలెట్ మూత మీద కూర్చుని, బయట ఎవరైనా తలుపు లాగినప్పుడల్లా ఉలిక్కిపడుతూ తీసుకునేదాన్ని. ఇంటికొస్తే వంట, గిన్నెలు, పాప బట్టలు, అత్తగారి మందులు, రవికాంత్ మర్నాటి లంచ్ బాక్స్.

ఒట్టిపోవడం అంటే ఏమిటో అక్కడే చెప్పాలనుకున్నాను. చూడి ఆవుకి ఈనే ముందు రెండు నెలలు పాలు పితకడం మానేస్తారు. ఈ దేశంలో ఏ రైతైనా మానేస్తాడు, లేకపోతే తర్వాతి ఈతకి పాలుండవు. ఆ రెండు నెలలూ చూసేవాళ్ళకి ఆవు ఊరికే నిలబడి ఉంటుంది. లోపల పొదుగులో పాత కణాలు పోయి కొత్తవి వస్తుంటాయి. కడుపులో దూడ తిండంతా లాక్కుంటుంటే, ఉన్న కణం తనలో అరిగిపోయిన ముక్కల్ని తానే జీర్ణం చేసుకుని ప్రాణం నిలుపుకుంటుంది. దాన్ని ఆటోఫజీ అంటారు. పాల హార్మోను దాన్ని అణిచి ఉంచుతుంది, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ పెరిగితే మొదలవుతుంది. మైక్రోస్కోపులో ఆకుపచ్చ చుక్కలు చుక్కలుగా నేను చూశాను. అయితే కణం తినేది పాడైపోయినదాన్ని. నేనో, ఇన్నాళ్ళూ నాలో బాగున్నవే తింటూ వచ్చాను. చదువు తిన్నాను, నిద్ర తిన్నాను, నోట్లో మాట నోట్లోనే తిన్నాను. ఆవుకి ఇచ్చే ఆ రెండు నెలలు నాకు ఎవరిస్తారు?

భార్య వీసా కాబట్టి నేను జీతం తీసుకోకూడదు. కాగితాల్లో నేను వాలంటీర్‌ని. "తనా? ఊరికే వెళ్తోంది" అంటాడు రవికాంత్ అందరితో. కానీ ఆ ప్రయోగం మొత్తం నా చేతి మీద జరిగింది. దాని మీద రాసిన పరిశోధన పేపర్‌లో మొదటి పేరు నాదేనని ల్యాబ్ పెద్ద డాక్టర్ హెన్రిక్సన్ మాట ఇచ్చారు. జర్నల్ వాళ్ళు ఇంకో ప్రయోగం చేసి చూపించమన్నారు. దానికి రెండు నెలలు పడుతుంది. సరిగ్గా అప్పుడే రవికాంత్‌కి వేరే రాష్ట్రంలో, ఆష్‌బర్న్‌లో ఉద్యోగం వచ్చింది. నేను ఇక్కడ ఎలా ఉండిపోవాలా అని ఆలోచిస్తుంటే, అతను నేనెప్పుడు సర్దుతానా అని చూస్తున్నాడు.

సోమవారం ల్యాబ్‌కి వెళ్ళేసరికి కణాలు పెంచే నా డిష్‌ల మీద ఇంకొకరి పేరుంది. హెన్రిక్సన్ చాలా మర్యాదగా చెప్పారు. శుక్రవారం పార్కింగ్ లాట్‌లో రవికాంత్ కలిశాడట. నేను మానేస్తున్నాననీ, పేరు విషయంలో పట్టింపు లేదనీ చెప్పాడట. అందుకని మొదటి పేరు, కొత్తగా చేరిన అతనికి ఇచ్చారట. పేపర్ చివర్లో నాకు కృతజ్ఞతలు చెబుతారట.

"నన్ను అడగలేదేం?" అన్నాను.

"మీరిద్దరూ మాట్లాడుకున్నారనుకున్నాను" అన్నారాయన.

ఈయన భార్య వచ్చి, ఈయన ఉద్యోగం మానేస్తున్నాడని చెబితే ఈయన ఊరుకుంటాడా? ఆ మాటే అడిగాను. ఆయన మొహం ఎర్రబడింది. నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు, నా డిష్‌లు నాకిచ్చేయండి అన్నాను. ఆయనే స్వయంగా లేచి లేబుళ్ళు మార్చారు.

ఇంటికొచ్చేసరికి రవికాంత్ అట్టపెట్టెలకి టేపు వేస్తున్నాడు. అత్తగారు పాపని ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు.

"హెన్రిక్సన్‌కి నా పేరు అక్కర్లేదని చెప్పారట."

"నువ్వు మొహమాటపడతావని నేనే చెప్పా. వాలంటీర్ వర్క్‌కి పేరేంటి గౌరీ? నీకు వర్క్ పర్మిటే లేదు, ఏం చేసుకుంటావ్?"

ఆ మాటలో అతనికి తప్పేమీ కనిపించలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. అరుద్దామనుకున్నాను. అరిస్తే మళ్ళీ హార్మోన్లంటాడు. అందుకని, ల్యాబ్‌లో రీడింగులు చదివే గొంతుతోనే చెప్పాను.

"మీరు ఆష్‌బర్న్ వెళ్ళండి. నేను రెండు నెలలు ఆగి వస్తాను. అప్పటిదాకా ఇక్కడి అద్దె మీరు కట్టాలి. పాప మీతో వస్తుంది."

"పాలు తాగే పిల్లని వదిలి ఉంటావుటే?" అన్నారు అత్తగారు. పాలున్నాయో లేవో ఆవిడే తేల్చుకోవాలి. పాపని వదలడం తలుచుకుంటే నాకు రొమ్ము సలిపింది. ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదు.

పాప ఏడుపు మొదలుపెట్టింది. నేను లేవలేదు. రవికాంత్ వంటింట్లోకి వెళ్ళి పాలపొడి డబ్బా పట్టుకుని వచ్చాడు.

"దీంట్లో ఎన్ని స్కూపులు వెయ్యాలి?"

"ఇంగ్లీషులోనే రాసి ఉంది," అన్నాను. "చదువుకోండి."