టైరు తేలేదాకా

అయినా ఇంత అడవిలో ఆ ముల్లుకు నా బైకు టైరే దొరికిందా, అదీ ఇవాళే, పొద్దున మణుగూరులో గాలి కొట్టించుకునే కదా బయల్దేరాను, వెనక టైరు అరిగిపోయిందని తెలుసు, పండుగ వెళ్లాక మారుద్దామనుకున్నాను, ఏ పండుగో ఇప్పుడు గుర్తు రావడం లేదు, రాత్రంతా గనిలో డంపరు తోలిన కళ్లు మండుతున్నాయి, పంక్చర్ల దుకాణం లచ్చయ్య ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతున్నాడు, బుడబుడమంటూ బుడగలు, ఇగో చూడు హేమ్లా, ట్యూబుకైతే ప్యాచ్ ఏస్త గని టైరు దారాలు తేలినయ్, ముందటంత రాళ్ల బాట, నడుమల పేలిందనుకో తోసుకుంట పోవుడే, నా మాటిని బస్సెక్కి మణుగూరు పోయి కొత్త టైరు తెచ్చుకో, పొద్దుగూకేటాల్లకు ఎక్కిచ్చి ఇస్త, అంటాడు, పొద్దుగూకాక నాకు బండి ఎందుకు లచ్చన్నా, మా తండాలో ఇవాళ చెల్లెలు రూప్లిని అత్తవారింటికి పంపుతున్నారు, నిన్న పెళ్లయింది, లీవు ఒక్కరోజే ఇచ్చారు, రాత్రి డ్యూటీకి పోయి మళ్లీ వస్తున్నాను, పొద్దు వాలకముందే పిల్లతో తండా దాటాలని మగపెళ్లివాళ్ల పెద్దలు గట్టిగా చెప్పారు, కనుక ప్యాచే వేయించాలి, ఇందులో ఆలోచించేదేముంది, వెయ్యి అనబోయి, ఆగన్నా అన్నాను.

ఎందుకు ఆగమన్నాను, ప్యాచ్ నిలవకపోతే అడవి మధ్యలో చిక్కుకుంటాను, అప్పుడు అసలే చేరను, కొత్త టైరయితే భయం లేదు, కానీ ఆలస్యం, ఆలస్యమైతే రూప్లి ఏం చేస్తుంది, మా తండాలో వెళ్లిపోయే పిల్ల అయినవాళ్ల మెడ ఒక్కొక్కటీ పట్టుకుని పాటగా ఏడవాలి, ఢావ్లో అంటాం, ముసలమ్మలు ముందే నేర్పుతారు, అన్న మెడ ఆఖరున, అది కానిదే ఎడ్లబండి ఎక్కకూడదు, నేర్చుకునేటప్పుడు రూప్లికి ఒకటే నవ్వు, సోమ్లి అవ్వ నెత్తిన మొట్టేది, నీకు ఏడుపెట్లొస్తదే అని, భియా, నిన్ను చూస్తే నాకు నవ్వే వస్తది, ఏం చేయాలె అని నన్నడిగింది, నేనేం చెప్పాను, ఏదో అన్నాను, ఇదే సీటు మీద దాన్ని హాస్టలుకు దింపేవాణ్ణి, గుంత వచ్చినప్పుడల్లా వీపు మీద గుద్దేది, జల్దీ పో అనేది, ఎంత జల్దీ పోయినా దానికి చాలదు, టైరు అప్పుడే అరిగిందేమో, ముందు టైరు వెనక్కి వేస్తే, లచ్చన్నా ముందుది ఎనకకు ఏస్తే ఎట్లుంటది, లచ్చయ్య నన్ను అదోలా చూశాడు, ఆ సైజు వేరు, డ్రైవరువు నీకు నేను చెప్పాల్నా అన్నాడు, అవునవును, సైజు వేరు, పోనీ పాత టైరు ముక్క లోపల పెడితే, పెడత, పెట్టుమంటవా, ఉండన్నా, చాయ్ తాగి చెప్తా.

మణుగూరు పోయే బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది, ఎక్కలేదు, ప్యాచ్ వేయమని చెప్పనూ లేదు, నాకేమైంది, నిద్ర లేక బుర్ర పనిచేయడం లేదా, ఎండ ఇప్పచెట్ల మీంచి అటు పక్కకు దిగుతోంది, అప్పుడే తండా బాటలోంచి సైకిలు మీద గోప్యా మామ, అమ్మ తమ్ముడు, తలపాగా ఊడిపోయి భుజం మీద వేలాడుతోంది, ఏందిరో హేమ్లా, ఈడ కూసొని చాయ్ తాగుతున్నవా, ఆడ పిల్ల అందరి మెడలు పట్టుకొని ఏడ్చింది, నీ మెడ ఒక్కటే మిగిలింది, అన్న రాంది బండెక్కనని ఎండల కూసున్నది, పొద్దుగాల్నుంచి నీళ్లు సుత ముట్టలే, మగపెళ్లోళ్లేమో గుల్గుతున్నరు, అని ఒక్క గుక్కలో చెప్పాడు.

రూప్లి బండెక్కలేదన్న మాట వినగానే నాకు సంతోషం వేసింది, సిగ్గులేని సంతోషం, చిన్నప్పుడు వానకు బడి లేదన్నప్పటిలాంటిది, ఇంకా ఎక్కలేదు, ఇంకా మా వాకిట్లోనే ఉంది, మామ నా ముఖంలోకి చూస్తున్నాడు, టైరు సంగతి చెప్పబోయాను, ప్యాచ్ వేస్తే ఇట్లా, మారిస్తే అట్లా అని, చెప్తూంటే మాటలు నాకే బోలుగా వినిపించాయి, మామ సైకిలు మీదే వచ్చాడు కదా, తండా సైకిలు దూరమే కదా, లచ్చయ్య దుకాణం ముందు కిరాయి సైకిళ్లు వరసగా నిలబడి ఉన్నాయి, వాటికి ఆనుకునే ఇంతసేపూ కూర్చున్నాను, అడిగితే నవ్వుతూ ఇచ్చేవాడు, నేను అడగలేదు, నీళ్లు కూడా ముట్టకుండా అది ఎండలో కూర్చుంది, నేను నీడలో చాయ్ తాగుతూ టైరు గురించి వాదన పెట్టుకున్నాను, లచ్చన్నా ఒక సైకిలియ్యి అని లేచాను, మరి బండికి ప్యాచా టైరా అన్నాడు, నీ ఇష్టం అన్నాను, నేను వెళ్తేనే రూప్లి వెళ్తుంది, అందుకే ఇంతసేపూ నేను వెళ్లలేదు.